ఒకటిన్నర బకెట్టు, ఒక నోటీసు

కల్లూరు శివారులోని మా కాలనీలో మా పక్కింటి పెద్దాయన గత గురువారం ఉదయం, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే, కుర్చీలో కన్నుమూశారని తెలియజేయడానికి విచారిస్తున్నాను. ఆయన ముప్పై ఏళ్ళు ప్రభుత్వ జీపు నడిపి విరమించినవారు. తన వెనుక భార్యను, ఒక పాత నీలిరంగు కారును, కాలనీ సంక్షేమ సంఘం జారీ చేసిన ఒక నోటీసును వదిలి వెళ్ళారు. మొదటి రెండూ ఆయన కోరి తెచ్చుకున్నవి. మూడోది నేను రాసి ఇచ్చింది. సదరు సంఘానికి కార్యదర్శిని నేనే.

ఆయనతో నా పరిచయం ఒక మందలింపుతో మొదలైంది. మా వైపు బండల పాలిష్ యూనిట్లు ఎక్కువ. నాపరాయి పొడి గాలిలో లేచి, ఆగి ఉన్న ప్రతి వాహనం మీదా వాలుతుంది. ఈ ఇంట్లో దిగిన కొత్తలో ఒక ఉదయం నేను పొడిబట్టతో నా కారును బరబరా తుడుస్తుంటే, ప్రహరీ మీద నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏమప్పా, ఆ కారు నీకేం ద్రోహం చేసింది?"

నేను తల ఎత్తాను.

"అది దుమ్ము కాదు సారూ, రాయి. పొడిగా తుడవాకు, గీతలు పడతాయి. ముందు నానబెట్టల్ల. దుమ్మును బతిమాలుకోవాల గానీ బెదిరిస్తే పోదు."

ఆయన బతిమాలుకునే రోజు శనివారం. సాయంత్రం ఎండ ఎదురింటి వెనక్కి దిగాక, కారు రేకు చేతికి చల్లబడిందో లేదో తాకి చూసి మొదలుపెట్టేవారు. ఒక బకెట్టు బోరు నీళ్ళు. అందులో కొంత సబ్బు కలిపేందుకు, మిగిలింది తొలి కడుగుకు. పైకప్పు ముందు, చక్రాలు చివర. ఒక తలుపు కడిగి, తుడిచి, తరువాతే రెండో తలుపు. ఎందుకంటే మా బోరు నీటిలో ఉప్పెక్కువ. ఆరేదాకా వదిలేస్తే రేకు మీద తెల్లటి మచ్చలు తేలతాయి. అందుకే ఆఖరి కడుగుకు, మూతికి గుడ్డ కట్టిన మరో బకెట్టులోంచి తేటనీళ్ళు తీసేవారు. అది అర బకెట్టు. ఆపైన భార్య పాత నూలుచీరను కారు మీద పరిచి, తడి పీల్చుకోనిచ్చి, ఎత్తేవారు. లాగేవారు కాదు.

నెలకొకసారి మైనం పట్టించేవారు. వేలికి అంటినంత తీసుకొని చిన్న చిన్న చుట్లుగా రుద్ది, అది పాలిపోయేదాకా ఆగి, పాత బనీనుతో తుడిచేవారు. నేను ఒకసారి డబ్బాలోంచి ఇంత ముద్ద తీస్తే చెయ్యి పట్టుకున్నారు. "అది అన్నంలో నెయ్యి కాదు సారూ. కంట్లో కాటుక."

ఇంత శ్రద్ధ ఒక పాత కారుకు ఎందుకని అడిగాను. ఆదివారం ఉదయం ఆయన భార్యతో పాటు, నడవలేని ముగ్గురు ముసలమ్మలను చర్చికి తీసుకుపోతారని అప్పుడు తెలిసింది. "వాళ్ళు ఎక్కేటప్పుడు తలుపును ఆనుకొని ఎక్కుతారు. తెల్లచీరలు కదప్పా. దేవుని ఇంటికి మట్టితో పోతారా?"

ఇక నోటీసు సంగతి. ఈ వేసవిలో మున్సిపాలిటీ కొళాయి మూడు రోజులకొకసారి వచ్చేది. మా సంఘం అధ్యక్షులు తమ మేడ మీద నుంచి ఆ అర బకెట్టు తేటనీళ్ళను చూశారు. వెంటనే సమావేశం పిలిచారు. "కాలనీలో అందరి కార్లకూ మచ్చలుండాయి. ఆయప్ప కారుకు ల్యావు. అంటే ఏమి? తాగే నీళ్ళు పోస్తాండాడు" అని తేల్చారు. నేరానికి మచ్చ సాక్ష్యం కావడం లోకరీతి. మచ్చ లేకపోవడాన్ని సాక్ష్యంగా స్వీకరించిన ఘనత మా సంఘానిది.

అధ్యక్షులవారి వాహనాన్ని ప్రతి ఉదయం వారి డ్రైవరు కాలనీ బోరుకు పైపు తగిలించి కడుగుతాడు. ఆ నీరు మా వీధిని దాటి, మలుపు తిరిగి, మెయిన్ రోడ్డు దాకా ప్రవహిస్తుంది. దీనిపై ఇంతవరకు ఏ ఫిర్యాదూ రాలేదు. ఫిర్యాదులు స్వీకరించేది వారే.

నేను నోటీసు రాశాను. "కాలనీ ప్రజలు గుక్కెడు నీటికి అల్లాడుచున్న తరుణమున, తాగునీటిని స్వీయ విలాసమునకు వెచ్చించుట గర్హనీయము" అన్న వాక్యం నాదే. రాసిన రోజున ఆ వాక్యం చూసుకుని మురిసిపోయానని కూడా నమోదు చేయాలి. ఇంటి నంబరుతో సహా దాన్ని నీళ్ళ ట్యాంకు గోడకు మైదా జిగురుతో నేనే అంటించాను.

ఆయన దాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని పూర్తిగా చదివి, మా ఇంటికి వచ్చారు.

"అక్షరాలు ముత్యాల మాదిరి ఉండాయి సారూ. గానీ ఆ గోడ ముందర నుంచే ముసలమ్మలను ఎక్కించుకొని పోతాండా. వాళ్ళకు చదువు రాదు, సరే. ఎక్కించే కోడళ్ళకు వస్తాది కదా."

"సంఘం తీర్మానం పెద్దాయనా. నా ఒక్కడి చేతిలో లేదు."

"ఒక్క శనివారం వచ్చి నా పక్కన నిలబడండి. తప్పుంటే ఇంకో నోటీసు అంటించండి. లేకుంటే దాన్ని మీ చేత్తోనే పీకేయండి. అంతే."

వస్తానన్నాను. మొదటి శనివారం అధ్యక్షులు చుట్టాలతో గండికోట చూడబోయారు గనుక విచారణ వాయిదా పడింది. రెండో శనివారం కోరం లేదు. మూడో శనివారం నేను ఇంట్లోనే ఉన్నాను. కిటికీలోంచి చూశాను. మూడు వారాలూ ఆయన కారు కడిగే ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీని శుభ్రంగా తుడిచి, పక్కన వేసి ఉంచారు. నేను నాలుగడుగులు నడవలేదు. దీనికి కోరంతో సంబంధం లేదు.

గురువారం సాయంత్రమే పెట్టిన సంతాప సభకు కోరం నిండింది. తీర్మానం రెండు నిమిషాల్లో నెగ్గింది. "శానా శుభ్రమైన మనిషి" అని అధ్యక్షులు గద్గదంగా పలికారు. మరి గోడ మీది నోటీసు మాటేమిటని అడిగాను.

"పోయినోళ్ళ మీద నోటీసేందప్పా? వానొస్తే అదే పోతాది."

అనగా, మా సంఘంలో నిర్దోషిగా తేలడానికి రెండు మార్గాలున్నాయి. చావాలి, లేదా వాన పడాలి. మా ప్రాంతంలో రెండోదాన్ని నమ్ముకుని ఎవరూ బతకరు.

శుక్రవారం ఆయన భార్యను, పెద్దమ్మను, పలకరించడానికి వెళ్ళాను. తల వంచుకుని, ఆ నీళ్ళ గురించి సంఘం అన్న మాటకు క్షమించమన్నాను.

"ఏ నీళ్ళు సారూ? ఆ అర బకెట్టా? అవి మీ ఏసీ నీళ్ళు."

నాకు అర్థం కాలేదు. ఆమె నన్ను రెండు ఇళ్ళ మధ్య సందులోకి తీసుకుపోయింది. మా పడకగది ఏసీ పైపు కింద, మూతికి గుడ్డ కట్టిన బకెట్టు ఉంది.

"వారమంతా చుక్క చుక్క పడతాది. ఉప్పుండదు, మచ్చ పడదు అంటుండె."

"మరి ఆ మాట ఒక్కసారైనా చెప్పలేదే!"

"నేనూ అదే అడిగితి. 'సెక్రటరీ సారు ఇంటి నీళ్ళ మీదే సెక్రటరీ సారు నోటీసు రాసినాడని నలుగురిలో తెలిస్తే, ఆయప్ప తల యాడ పెట్టుకుంటాడే? వచ్చి నిలబడితే ఆయనే చూస్తాడు, ఆయనే పీకేస్తాడు' అన్న్యాడు."

నిన్న శనివారం. సాయంత్రం ఎండ దిగాక నేను ట్యాంకు గోడ దగ్గరికి వెళ్ళి నోటీసును గోళ్ళతో పీకబోయాను. మైదా జిగురు, నా వాక్యాల్లాగే గట్టిది. అంచులు చిరిగాయి గానీ ఇంటి నంబరు కదల్లేదు. మేడ మీద నుంచి అధ్యక్షులు "ఏమప్పా, తీర్మానం లేకుండా ఏం చేస్తాండావు?" అని అడిగారు. జవాబు ఈ సంస్మరణ. దీనినే నోటీసు ఉపసంహరణగా పరిగణించవలసినది. కోరం ఒక్కడు.

సందులోకి వెళ్ళి ఆ బకెట్టు తెచ్చాను. మూతిగుడ్డ విప్పి, చెంబుతో నీళ్ళు తీసి, నోటీసు మీద నెమ్మదిగా పోశాను. ముందు నానబెట్టాలి. పోసి ఆగాను, మళ్ళీ పోసి ఆగాను. ఇంటి నంబరు ఊడి వచ్చింది. గర్హనీయము వచ్చింది. అన్నిటికన్నా చివర నా సంతకం వచ్చింది. తరువాత గోడ మీద కాగితమంత తడి మిగిలింది. వేడిగాలికి అది అంచుల నుంచి లోపలికి ఆరుతూ ఉంటే, పూర్తిగా ఆరేదాకా పక్కనే నిలబడ్డాను.