‘కీప్’ నేర్చుకున్న రోజు

నా చిన్నప్పుడు మేము మండవల్లి దగ్గర, కొల్లేటి అంచునున్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నాకు ఇంగ్లీషు క్రియలంటే భయం. గెట్, టేక్, కీప్ లాంటి చిన్న మాటలకు ఒక్కో అర్థం బట్టీపట్టి వెళితే, పాఠంలో అవి ఇంకో అర్థంతో కనిపించేవి. కాలేజీలో చదివే పక్కింటి అక్క సాయంత్రాలు నేర్పేది. అర్థం చెప్పేది కాదు. ఇంట్లో జరుగుతున్న ఏదో పని చూపించి, ఆ క్రియతో వాక్యం చెప్పమనేది.

ఒక వానాకాలం అక్కవాళ్ళ నాన్న దోనె మీద చేపలవేటకు వెళ్ళి తిరిగి రాలేదు. మర్నాడు ఊళ్ళో మగవాళ్ళంతా వెతకడానికి వెళ్ళారు. మావైపు మనిషి పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు వండి పంపుతారు. మా అమ్మ జాలికొద్దీ, ముందువెనకలు చూడకుండా, క్యారేజీ నింపి నా చేతికిచ్చింది.

అక్కవాళ్ళ పొయ్యి మండుతూనే ఉంది. ఆయన ఆకలితో వస్తారని పెద్దమ్మ, అంటే అక్కవాళ్ళ అమ్మ, అన్నం వండుతోంది. క్యారేజీ చూసి ఆమె మొహం పాలిపోయింది.

"మీ అమ్మకి ఎవరు చెప్పారే?" అంది.

అక్క గబుక్కున లేచింది. "దానికి రేపు ఇంగ్లీషు పరీక్షమ్మా. చీకటి పడేదాకా ఇక్కడే చదువుతుందని పిన్ని కట్టిచ్చింది. చదువు రాకపోయినా తిండికి మాత్రం ముందుంటుంది. కదే?"

నాకు పరీక్ష లేదు. తలూపాను. పెద్దమ్మ మళ్ళీ పొయ్యివైపు తిరిగింది.

ఆ అన్నం నేనే తినాల్సొచ్చింది. అక్క ఎదురుగా కూర్చుని నిజంగానే ‘కీప్’ మొదలుపెట్టింది. తలుపు తీసి ఉంచడం, మాట నిలబెట్టుకోవడం, మనిషిని ఎదురుచూసేలా చేయడం, పని ఆపకుండా చేస్తూ పోవడం. ముద్ద మింగుతూ ఒక్కోదానికి వాక్యం చెప్పాను. తప్పు చెబితే మళ్ళీ చెప్పించింది. తను మాత్రం వీధివైపే చూస్తోంది.

పొద్దుగూకే వేళకు మగవాళ్ళు వచ్చారు. మా నాన్న తలెత్తలేదు. కొల్లేట్లో మనిషెత్తు పెరిగే కిక్కిస గడ్డిలో ఆయన దొరికారట. అక్క వాకిట్లో ఆ మాట విని, లోపలికొచ్చి తల్లి పక్కన కూర్చుంది. కాసేపటికి పెద్దమ్మే పొయ్యిలో నీళ్ళు పోసింది.

తర్వాత ఏలూరు బళ్ళో చాలాకాలం ఇంగ్లీషు చెప్పాను. ‘కీప్’ ఎక్కడ నేర్చుకున్నానో పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. ఈమధ్యే అక్క కూడా పోయింది, అందుకే రాస్తున్నాను. తిరిగిరాని మనిషి సంగతి ఇంకా తెలియని ఇంటికి వెళితే నేను ఓదార్చను. అక్కడ వాళ్ళు బియ్యం ఏరుతుంటే నేనూ కూర్చుని ఏరతాను. వాళ్ళంతట వాళ్ళు ఆపేదాకా నేను ఆపను.