నేను కత్తిరించిన స్ప్రింగులు

ఆ ఆదివారం సోల్డరింగ్ ఐరన్ మా రెడ్డెమ్మ చేతిలోంచి జారి చాప మీద పడింది. చాప కాలింది. "ఏం మే, నిద్రపోతాండావా?" అని నేను నవ్వినాను. ఆమె నవ్వలేదు. వేళ్లు తిమ్మిరిగా ఉండాయని, పొద్దున్నించి కాళ్లు కూడా అట్లే ఉండాయని చెప్పింది.

నాది పుంగనూరులో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే అంగడి. చిన్నప్పుడు మదనపల్లె బస్టాండు పక్కన వీడియోగేమ్ అంగట్లో నన్ను వరసబెట్టి ఓడించిన ఈ రెడ్డెమ్మనే తర్వాత పెండ్లి చేసుకున్నాను. నలభై దాటినాక, ఇంట్లోనే అట్లాంటి ఆటపెట్టె చేసుకుందామని ఆమే పట్టుబట్టింది. ప్లైవుడ్ కోత నాది, వైరింగ్ ఆమెది. ఇద్దరం పక్కపక్కన ఆడుకునేటట్లు రెండు జాయ్‌స్టిక్కులు, ఒక్కొక్కరికి ఆరు బటన్లు.

నాలుగు దినాల్లో ఆమె మంచం దిగలేకపోయింది. మదనపల్లె డాక్టరు చిన్న సుత్తితో మోకాళ్ల మీద కొట్టి చూసి, రిఫ్లెక్సులు లేవు, ఆలస్యం చేయకుండా కుప్పం పెద్దాసుపత్రికి తీసుకుపోండి అన్నాడు. కుప్పంలో నెర్వ్ కండక్షన్ టెస్టు చేసినారు, వెన్నులోంచి నీళ్లు తీసినారు. జీబీఎస్ అన్నారు. ఆమె ఒళ్లే ఆమె నరాల మీద పడి కొరుకుతాందంట. ఐదు దినాలు ఐవీఐజీ ఎక్కించినారు. ఎన్ని మోటార్లు విప్పి బాగుచేసినోణ్ణి, ఆడ చుక్కచుక్కగా దిగే మందును చూస్తా కూర్చోవడం తప్ప నా చేతుల్లో ఏమీ లేకపోయింది.

ఇంటికొచ్చినాక కొంచెం కొంచెంగా లేచింది. ఫిజియోథెరపీ అమ్మాయి వేళ్లకు పని చెప్పమన్నది. ఇంగేం, మన పెట్టె ఉంది గదా అని మిగిలిన పని ముగించి, ముందర కుర్చీ వేసినాను. ఆమె బటన్ నొక్కింది. దిగలేదు. రెండు చేతులతో నొక్కింది. అప్పుడు ఆమె మొగం చూడలేకపోయినాను.

మరుసటి మధ్యాహ్నం ఆమె పడుకున్నప్పుడు పెట్టె విప్పి, ఆమె పక్క బటన్లు సులువుగా దిగేటట్లు వాటి స్ప్రింగులు రెండేసి చుట్లు కత్తిరించినాను. సాయంత్రం బటన్ దిగింది. "బలమొస్తాండాదప్పా" అనింది. ఆ మాట కోసం నేను ఏమైనా చేసుండేవాణ్ణి. కొన్నాళ్లు బాగానే ఆడింది. తర్వాత మళ్లీ గట్టిగా ఉందనింది. ఇంకో చుట్టు తీసినాను. నేను కావాలనే ఓడిపోతా ఉంటిని. ఇంత బాగా ఆడతాంటే కుప్పం రివ్యూకు యాల పోవాల, అంతదూరం బస్సులో నడుం నొప్పి తప్ప అని ఆమే అనింది. నేను సరేనన్నాను. నా నోట్లో మన్నుపడ.

ఒకరోజు పొద్దున తల దువ్వుకునేదానికి ఆమె చెయ్యి పైకి లేవలేదు, మంచం దిగితే కాళ్లు నిలవలేదు. కారు మాట్లాడుకొని కుప్పానికి పరిగెత్తినాం. డాక్టరు టెస్టులు మళ్లీ చేయించి, ఇది జీబీఎస్ కాదు, సీఐడీపీ, తగ్గినట్లే తగ్గి మళ్లీ వస్తాదని చెప్పినాడు. "వీక్‌నెస్ తిరిగి ఎప్పుడు మొదలైంది? ముందే వచ్చింటే నడక ఇంతగా పోయుండేది కాదేమో" అన్నాడు.

"లేదు సార్, మొన్నటిదాకా ఆటలో గెలుస్తానే ఉండాను" అనింది రెడ్డెమ్మ. డాక్టరు నా పక్క చూసినాడు. నేను నేల చూసినాను.

వార్డులో ఆమెకు అంతా చెప్పేసినాను. అరుస్తుందనుకున్నాను. చేతిని ఒళ్లో పెట్టుకొని చూసుకునింది.

"రోగమొచ్చింది, సరే. నా చెయ్యి నాకే అబద్ధం చెప్పేటట్లు చేసినావు గదప్పా."

 

ఇప్పుడు స్టెరాయిడ్ మాత్రలు, నెలనెలా ఐవీఐజీ. వాకర్ పట్టుకొని వంటింటిదాకా పోతాది. ఆసుపత్రి నుంచి రాంగానే నా చేత కొత్త స్ప్రింగులు వేయించింది. వేసేంతవరకు పక్కనే కూర్చునింది. ఇంట్లో ఇట్లాంటి మనిషి ఉండే మీకు నేను చెప్పేది ఒకటే. వాళ్లు చేసే పని ఏదన్నా ఒకటి పెట్టుకోండి, జాలిపడి దాన్ని సులువు చేయొద్దండి. దినామూ అదే పని, ఎంత చేతనైందో అంతే రాసి, రివ్యూ తప్పకుండా డాక్టరుకు చూపించండి.

మా ఇంట్లో పొద్దున కాఫీ తాగినాక ఆమె మొదటి బటన్‌ను చెయ్యి అలిసేదాకా నొక్కుతాది, నేను లెక్కపెడతాను. మొన్న పదహైదు. నిన్న పదమూడు. పెన్సిలు పట్టుకొని కొంచేపు ఊరికే ఉంటిని. ఆమె నా చేతి పక్కే చూస్తాండాది. పదమూడు అనే రాసినాను.