మా ఊరు ఏకగ్రీవం కాలేదు

మొన్నటి అసెంబ్లీ ఎన్నికలప్పుడు నా కుట్టుమిషన్‌కు క్షణం తీరిక లేదు. కరీంనగర్‌కు బస్సులో గంట దూరంలో, గుట్ట కింద మా ఊరు. ఇంటి ముందు రేకుల నీడలో కూర్చుని జాకెట్లు కుట్టడం నా పని. ఆ నెల మాత్రం కండువాలు కుట్టాను. మా గుట్టను తవ్వుకుంటున్న గ్రానైట్ కంపెనీ మేనేజర్ పొద్దున ఒక పార్టీ రంగు బట్ట తాన్లు దింపి వెళ్లాడు. మధ్యాహ్నం అదే బండిలో ఎదుటి పార్టీ రంగు బట్ట తెచ్చాడు. పొరపాటు పడ్డాడేమోనని అడిగాను.

"పొరపాటేం లేదమ్మా. రెండూ మావే. ఎవలు గెల్సినా మనోడే గావాలె గదా" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. అంచులు మడిచి కుట్టి, ఏ రంగుకు ఆ రంగు మూటలు కట్టి ఇచ్చాను. తర్వాత రెండు పార్టీల ర్యాలీలూ మా ఇంటి ముందు నుంచే పోయాయి, ఒకరినొకరు పచ్చి బూతులు తిట్టుకుంటూ. రెండు గుంపుల మెడల్లోనూ నా కుట్టే ఉంది. పిచ్చివాళ్లు, ఎవరి కోసం గొంతులు చించుకుంటున్నారో వీళ్లకు తెలియదు కదా అనుకున్నాను. తెలిసిన నేను మాత్రం కుట్టుకూలి తీసుకుని ఊరుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే మండుతుంది.

ఈ ఊరికి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఎమ్మెల్యేకు ఓటేశాను, ఎంపీకి వేశాను, సర్పంచ్‌కు మాత్రం ఒక్కసారీ వేయలేదు. మా దగ్గర సర్పంచ్‌ను ఎన్నుకోరు, ఏకగ్రీవం చేస్తారు. నామినేషన్లకు ముందే ఊరి అభివృద్ధి కమిటీ పెద్దలు కూర్చుంటారు. పదవి కోరుకునేవాళ్లు ఊరికి ఏమేం చేయిస్తారో చెప్తారు. ఎక్కువ చెప్పినవాళ్ల పేరు ఖాయం చేసి, మిగతావాళ్లంతా చేయి ఎత్తి ఇంటికి పోతారు. పక్క ఊళ్లలో లాగా కొట్లాటలు లేవని, అందరం ఒక్క మాట మీద ఉంటామని గొప్పగా చెప్పుకునేవాళ్లం. కంపెనీ వచ్చాక మాత్రం కమిటీ ముందు మాట్లాడేది పదవి కోరేవాళ్లు కాదు, మేనేజరే.

పోయినసారి ఆయన ఫంక్షన్ హాలు కట్టిస్తానన్నాడు. మా ఏరాలు, అంటే మా ఆయన అన్న భార్య, అప్పుడే తాను పోటీకి నిలబడతానంది. మాకు ఒక్కతే బిడ్డ, దానికి సంబంధాలు చూస్తున్న రోజులవి. ఊళ్లోనే హాలు ఉంటే ఎంత ఖర్చు తప్పుతుందో అని నా ఆశ. ఆమె చేతులు పట్టుకుని బతిమాలి నిలబడకుండా చేసింది నేనే. హాలు కట్టారు, బిడ్డ పెళ్లి అందులోనే జరిగింది. సరిగ్గా భోజనాల వేళ గుట్ట మీద రాయి పేల్చారు. పైకప్పు నుంచి సున్నం పొట్టు రాలి లడ్డూల మీద పడింది. నడి ఎండాకాలం, మబ్బు తునక లేదు. ఉరిమినట్టుంది వదినా అని మా వియ్యపురాలికి చెప్పాను. ఆమె ఆకాశం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

ఈసారి సర్పంచ్ పదవి మహిళలకు వచ్చింది. గుట్ట తూర్పు వైపంతా అప్పటికే పెద్ద గుంత. పడమటి వైపు మిగిలింది. మా మేకలు మేసేది అక్కడే, చలికాలం రాకముందు మా ఆడవాళ్లు సీతాఫలాలు తెంపి కరీంనగర్‌లో అమ్మేదీ అక్కడివే. అది తవ్వాలంటే గ్రామసభ తీర్మానం కావాలి, దాని మీద సర్పంచ్ సంతకం ఉండాలి. మేనేజర్ గుడికి మండపం, ఊరికి నీళ్ల ప్లాంటు అన్నాడు. క్వారీ సూపర్‌వైజర్ భార్య పేరు చెప్పాడు. ఆమె నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది. డిగ్రీ చదివిన పిల్ల, నెమ్మది మనిషి. కొలతలు ఇస్తున్నప్పుడు నన్నెవరూ అడగలేదక్కా, పేరు చెప్పేశారు అంది.

మా ఏరాలు బీడీలు చుడుతుంది. ఆ మర్నాడు చేతిలో చాటతోనే వచ్చి నా మిషన్ పక్కన కూర్చుంది.

"ఉన్న సగం గుట్ట గూడ పోతది చెల్లె. నేను నిలవడుత. గెలుస్తనని గాదు. అడిగేటోళ్లు ఒక్కలన్న ఉండాలె గదా. నా కాయిదం మీద సంతకం పెట్టేటోళ్లు గావాలె, ఎవ్వలు పెడ్తలేరు."

పోయినసారి సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. ఎత్తలేదు కాబట్టే నాకు తప్పించుకునే దారి లేకపోయింది. ఆమె నామినేషన్‌ను ప్రతిపాదిస్తూ సంతకం పెట్టాను. నా పేరు నాకే కొత్తగా కనిపించింది.

కమిటీ వాళ్లు మైకులో చెప్పలేదు, ఇంటింటికీ చెవుల్లో చెప్పారు. ఆ రెండు ఇళ్లతో మాట్లాడొద్దు, పని ఇవ్వొద్దు. రోజుకు నాలుగైదు జాకెట్లు వచ్చే చోట ఒక్కటి రాలేదు. ఒకామె అయితే నేను అప్పటికే కత్తిరించిన చేతి ముక్కలతో సహా బట్ట తీసుకుపోయింది. మా ఏరాలితో కలిసి కూర్చుని బీడీలు చుట్టే ఏడెనిమిది మంది వేరే అరుగు చూసుకున్నారు. ఆమె ఒక్కతే కూర్చుని చుట్టేది. నాకు కోపం, భయం రెండూ ఉండేవి. భయమే కాస్త ఎక్కువ.

నామినేషన్లు వెనక్కి తీసుకునే ఆఖరి రోజు పెద్దలు మా ఇంటికి వచ్చారు. మా ఆయన మస్కట్‌లో లారీ నడుపుతాడు. అక్కడికే ఫోన్ చేసి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టారు. నీ భార్యకు చెప్పు, ఆమె చెప్తే నీ వదిన వింటుంది, ఊరు చెడొద్దు అన్నారు. ఆయన స్వభావం నాకు తెలుసు. నలుగురితో పాటు పోవాలనే మనిషి. సరేనంటాడనే అనుకున్నాను.

"సంతకం ఆమె పెట్టింది. నన్నెందుకు అడుగుతుండ్రు?" అన్నాడు.

అంతే, పెట్టేశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. మా ఏరాలి నామినేషన్ అలాగే ఉండిపోయింది.

రెండు రోజుల తర్వాత, వేరే అరుగుకు పోయిన ఆడవాళ్లలో ఒకామె చాట పట్టుకుని వచ్చింది. బీడీలు చుట్టే తునికాకు పక్కకు జరిపితే కింద జాకెట్ ముక్క. తొందరేం లేదు, కానీ కుట్టు అంది. మర్నాడు ఇంకో చాట వచ్చింది. మూడో రోజుకు ఆకు కప్పడం మానేశారు. బీడీలు చుట్టేవాళ్లు ఒక్కొక్కరే మా ఏరాలి పక్కకు చేరారు.

పోలింగ్ ముందు కంపెనీ వాళ్లు ఇంటింటికీ చీర, స్టీలు బకెట్ పంచారు. తీసుకున్న ప్రతి ఆడమనిషి చేతా బండారు ముట్టించి, ఓటు వాళ్ల మనిషి ఉంగరం గుర్తుకే వేస్తామని ఒట్టు పెట్టించుకున్నారు. మా దగ్గర బండారు అంటే మల్లన్న పసుపు. దాని మీద పెట్టిన ఒట్టు తప్పితే ఇంట్లో కీడు జరుగుతుందని నమ్మకం. అప్పటిదాకా మా వైపు ఉన్నవాళ్ల ముఖాలు కూడా వాడిపోయాయి. మా ఏరాలు మాత్రం చేతిలోని బీడీకి దారం చుడుతూనే మాట్లాడింది.

"గా బకీట్ కంపెనోడు ఇచ్చిండా? మన గుట్ట రాయి అమ్మి కొన్నదే గదా. మనది మనం తీసుకున్నం. మల్లన్న గూడ గుట్ట మీదుండే దేవుడే. ఆయన మనల్నే తిడ్తడా?"

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వుతో సగం భయం పోయింది. మిగతా సగం ఎవరింట్లో వాళ్లు తేల్చుకున్నారు.

పోలింగ్ రోజు బడి ముందు వరస చూసి నేను నమ్మలేకపోయాను. అరవై దాటినవాళ్లు కొందరు, సర్పంచ్ ఓటు కాగితం ఎలా ఉంటుందో వేసి వచ్చేవాళ్లను అడిగి తెలుసుకుంటున్నారు. మా కత్తెర గుర్తు మీద ముద్ర వేసి, మడిచి, డబ్బాలో వేసేటప్పుడు నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడి కొంగుతో తుడుచుకున్నాను.

మధ్యాహ్నం లెక్కించారు. పంతొమ్మిది ఓట్ల తేడాతో మా ఏరాలు ఓడిపోయింది.

బాధపడలేదంటే అబద్ధం. మా ఏరాలు కూడా ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. కమిటీ వాళ్లు పటాకులు కాల్చారు. అంత దగ్గరగా వస్తామని వాళ్లూ అనుకోలేదని ముఖాలు చూస్తే తెలిసింది.

నాలుగో రోజు పొద్దున గెలిచిన పిల్ల ఒక్కతే మా ఏరాలి ఇంటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. చాపేస్తే కూర్చోలేదు. మొదటి గ్రామసభలోనే గుట్ట కాగితం పెడుతున్నారని, సంతకం పెట్టమని ఇంట్లోనూ కంపెనీలోనూ చెప్పేశారని గడగడా చెప్పింది.

"మీరు వచ్చి అడుగుండ్రి అక్కా. ఎవ్వలు అడగకపోతే నేను పెట్టుడే. ఊరు అడిగిందంటే నాకు చెప్పనీకి ఒక మాట దొరుకుతది."

గ్రామసభకు పదిమంది వస్తే ఎక్కువ అనుకునే ఊరు మాది. ఆ రోజు ఆడవాళ్లే కిక్కిరిసి, మగవాళ్లు గోడ వెంట నిలబడ్డారు. చాటలు తెచ్చుకుని బీడీలు చుడుతూనే కూర్చున్నారు. కార్యదర్శి కాగితం చదవగానే నేను లేచాను. ఇరవై ఏళ్లలో అంతమంది ముందు నేను మాట్లాడింది లేదు. పేలుళ్లకు పగిలిన గోడల గురించి, మేకల గురించి అడిగాను. మధ్యలో మాట తడబడితే మా ఏరాలు అందుకుంది. తర్వాత ఎవరు అడుగుతున్నారో తెలియనంతగా అడిగారు. మేనేజర్ సూపర్‌వైజర్ వైపు చూశాడు, సూపర్‌వైజర్ తన భార్య వైపు చూశాడు. ఆమె ఎవరి వైపూ చూడకుండా, గ్రామం ఒప్పుకోవడం లేదని రాయండి అని కార్యదర్శికి చెప్పింది. ఆయన రాశాక సంతకం పెట్టింది.

కంపెనీ ఊరుకోదని తెలుసు. మళ్లీ కాగితం తెస్తారు, మళ్లీ ఏదో పంచుతారు. ఆ భయం ఆమె ముఖంలోనూ ఉంది. అందరూ లేచి పోతున్నప్పుడు మా ఏరాలి దగ్గరికి వచ్చింది.

"వచ్చేసారి గూడ నిలవడుతవా అక్కా?"

"నిలవడుత" అంది మా ఏరాలు.

"నిలవడు అక్కా. నువ్వు నిలవడ్డవు గనుకనే ఇయ్యాల నేను సర్పంచ్‌నైన."