కాలువ మీద నాలుగో ఊరు

సుల్తానాబాద్ పక్కన మా కాలువ మూడు ఊళ్ళ పొలాలకు పారుతుంది. చివరిది మా ఊరు. పైవాళ్ళు వదిలిందే మాకు. యాసంగిలో, అంటే ఎండాకాలపు పంటకు, నీళ్ళు తక్కువైతే ముందు ఎండేది మా మళ్ళే. అందుకే నీళ్ళ వంతుల లెక్క మూడు ఊళ్ళ కంప్యూటర్లలోనూ ఒకేలా ఉండాలని కమిటీలో నేనే పట్టుబట్టాను. యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. రాసినదాన్ని ఎవరైనా చాటుగా దిద్దితే ఒళ్ళు మండుతుంది.

ఆ పని మా చెల్లెలి బిడ్డకు అప్పగించాం. మందమర్రి బొగ్గుబాయి కాలనీలో పెరిగిన ఇంజనీరు. యంత్రాలన్నీ ఒక మాట మీదికి రావడానికి ఒక పద్ధతి కావాలట. దాన్ని కన్సెన్సస్ అల్గారిథం అంటారట.

"రాఫ్ట్ అని ఒక తీరున్నది, పెద్దవ్వా," అంది కమిటీ ముందర. "యంత్రాలు తమలకెల్లి ఒకదాన్ని పెద్దమనిషి లెక్క ఎన్నుకుంటయి. అది రాసిందే మిగిలినయి రాసుకుంటయి. అది ఖరాబైతే ఇంకోదాన్ని ఎన్నుకుంటయి. జల్ది అయితది."

పై ఊరి పెద్దమనిషి తొడ చరిచాడు. "అచ్చం మన నీరడి లెక్కనే! గిదే పెట్టుండ్రి."

నీరడి అంటే తూము ఎత్తి దించే మనిషి. ఆయన చెప్పిందే వంతు. ఆయనకు రోగమొస్తే తమ్ముడు చేసేవాడు. నేనూ చెయ్యి ఎత్తబోయాను. ఇంతలో గుర్తొచ్చింది: నీరడి మంచం పట్టిన ఏడు మా మడి ఎండలేదు. నిక్షేపంగా తిరుగుతూ బావమరిది పొలానికి తూము ఎత్తిన ఏడు ఎండింది.

"పెద్ద యంత్రం పడిపోవుడు గాదు బిడ్డా, అబద్ధమాడితే?"

"రాఫ్ట్‌తోని అబద్ధం దొరకది. దానికి వేరే తీరున్నది. అండ్ల అందరు అందరితోని మాట్లాడి సరిజూసుకుంటరు, జర ఆలస్యమైతది. కని ఒక్క దొంగను తట్టుకోవాల్నంటే నలుగురుండాలె. ముగ్గురితోని కాదు."

పై ఊరాయన లేచాడు. "ఏందక్కా, మమ్ముల దొంగలంటున్నవా?"

"నన్ను గూడ అనుకో తమ్మీ. రేపు నువ్వు నిజం చెప్పినప్పుడు నేను అబద్ధమాడితే, ఇద్దరిల ఎవలు దొంగో మూడో ఊరికి ఎట్ల తెలుస్తది?"

కూర్చున్నాడు. "నాలుగో ఊరు యాడికెల్లి తెస్తవ్?" అని గొణిగాడు.

మా ఊరి దిగువన చిన్న పల్లె ఉంది. మా మళ్ళలోంచి జారిన నీళ్ళే వాళ్ళ సేద్యం. కాలువ వంతుల్లో వాళ్ళ పేరు లేదు. కబురు పంపితే, అక్కడి చర్చిలో పాటలు పాడించే ఆడమనిషి వచ్చింది. మేం చెప్పిందంతా నిలబడే విన్నది.

"కూసో. నీ మాట లేకుంటే మా ముగ్గురిది చెల్లది," అన్నాను.

"మీకు నా మాట కావాలె. మరి మా మడికి వంతు?"

వంతు ఇస్తే తగ్గేవి మా నీళ్ళు కూడా.

"అందరి వంతులకెల్లి తలా ఇంత తీద్దాం. ముందుగాల మాది తియ్యుండ్రి," అన్నాను. పై ఊరాయన మధ్య ఊరాయన మొహం చూశాడు. ఇద్దరూ తల ఊపారు.

ఆమె కుర్చీ లాక్కుంది. "ముందుగాల వంతు రాయుండ్రి. మా ఊర్ల యంత్రం ఎన్కసీరి పెడుదురు."

అట్లాగే రాశాం, తర్వాత వాళ్ళ ఊళ్ళో నాలుగో యంత్రం పెట్టాం. ఆ యాసంగిలో మా వంతు కాస్త చిన్నదయింది. కానీ చెప్పిన పూటకు వచ్చింది.