మెటల్ కచేరీకి ఓనర్ ఆంటీ తోడు

ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి చెవుల్లో పాట పెట్టుకుంటే, దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసరికి అందులో గాయకుడు ఇంకా నోరే విప్పడు. మెట్రో మీద నాకున్న ఫిర్యాదు అదొక్కటే. స్తంభాల కోసం రోడ్డంతా తవ్విపోసిన రోజుల్లో అదే దూరం బస్సులో వెళ్తే పాట మొత్తం పూర్తయ్యేది. ఆఖరున వచ్చే నిశ్శబ్దం వినడానికి కూడా తీరిక ఉండేది. బస్సులో అందరూ ట్రాఫిక్‌ను తిట్టుకుంటుంటే, చైతన్యపురి సిగ్నల్ దగ్గర ఇంకాసేపు ఆపితే బాగుండునని నేను కోరుకునేదాన్ని. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఏమిటని అడిగేవాళ్ళకు "తొందరలో ఉన్నవాళ్ళు వినకూడని పాట" అని చెబుతాను. ఒక్కో పాట పావుగంట, ఇరవై నిమిషాలు సాగుతుంది. తాళం దొరికిందని కాలు ఆడించేలోపు అది మారిపోతుంది. ఏడు లెక్కపెడుతుంటే ఐదులోకి దూకుతుంది, ఐదు అలవాటయ్యేసరికి పదకొండులోకి పోతుంది. ఇక గిటార్లు గరగరలాడి, గొంతు గాండ్రించి, పాటకే కోపమొస్తే అది మెటల్. రెండూ కలిసినది కూడా ఉంది, దాన్ని ప్రోగ్ మెటల్ అంటారు. నా వయసులో మంచి భాగమంతా దానికే ధారపోశాను. విన్నవాళ్ళు "ఇదేం సంగీతమే, మిక్సీలో రాళ్ళు వేసినట్టు" అంటారు. అననివ్వండి. వాళ్ళ పెళ్ళిళ్ళలో డీజేని నేను భరించడం లేదా?

నేను ఇందులో పడింది నాన్న పోయిన ఏడాది. మేం తెనాలి వైపు నుంచి వచ్చినవాళ్ళం. నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో కెమిస్ట్రీ చెప్పేవారు. ఎల్బీ నగర్ వెనక కాలనీలో, ఓనర్ వాళ్ళు కింద, మేం పైన. ఒక ఉదయం క్లాసుకు బయల్దేరుతూ షూ లేసు కట్టుకోవడానికి వంగి, నాన్న మళ్ళీ లేవలేదు. అంతే. దినాలు అయ్యాక అమ్మ అదే కోచింగ్ సెంటర్‌లో ఆఫీసు పనికి కుదిరింది. నేను డిగ్రీకి వెళ్ళివస్తూ మాట్లాడటం మానేశాను. పంతం పట్టి కాదు. "అన్నం తిన్నావా?" అంటే "ఊఁ". "రేపు కాలేజీ ఉందా?" అంటే "ఆఁ". అంతకు మించి మాటలు గొంతులోనే అడ్డం పడేవి. ఏడుపు కూడా అక్కడే ఆగింది. చుట్టాలు నన్ను చూసి "పిల్ల గుండె రాయి" అనుకుని వెళ్ళిపోయారు.

టీవీలో మెత్తటి పాటలు వస్తే ఒళ్ళు మండేది. లోకంలో ఏమీ జరగనట్టు అంత హాయిగా ఎలా పాడతారని కోపం. అలాంటప్పుడు ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో ఎదురు సందులో, మెట్ల మీద సగం దాకా కోచింగ్ పోస్టర్లు అంటించిన నెట్ సెంటర్‌లో, హాల్‌టికెట్ ప్రింటు కోసం కూర్చున్నాను. పక్క క్యాబిన్‌లో ఎవరిదో హెడ్‌ఫోన్ లోంచి ఒక అరుపు బయటికి వచ్చింది. చిన్నగానే వినపడింది. కానీ నా లోపల ఇరుక్కున్న అరుపు అదేనని నాకు వెంటనే తెలిసింది. సిగ్గు విడిచి చెక్క గోడ మీద తట్టి, పాట పేరు అడిగాను. ఆ రాత్రి పాట మొత్తం విన్నంతసేపూ నాకు ఊపిరి సరిగ్గా ఆడింది.

వినడంతో ఊరుకోలేదు, రాయడం మొదలుపెట్టాను. ఇంగ్లీషులో ఒక బ్లాగు, నా పేరుకు బదులు రెండు పొడి అక్షరాలు. కొత్త ఆల్బమ్ వస్తే నాకో నియమం ఉండేది. మొదటిసారి బస్సులో వినాలి, రెండోసారి మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో వినాలి, మూడోసారి మంచం మీద కళ్ళు మూసుకుని వినాలి. అప్పుడే దాని గురించి రాయాలి. ఎక్కడెక్కడివాళ్ళో చదివేవాళ్ళు. అందరూ నన్ను "బ్రో" అనేవాళ్ళు. నేనూ దిద్దలేదు, బ్రోగా ఉండటం సుఖంగానే ఉండేది. ఇంట్లో రెండు అక్షరాల కంటే ఎక్కువ పలకని మనిషిని, అక్కడ ఒక డ్రమ్మర్ ఎడమకాలి గురించి రెండు పేజీలు రాసేదాన్ని.

అంత నియమంగా విన్నా బొక్కబోర్లా పడ్డ రోజు కూడా ఉంది. కొన్ని ఆల్బమ్‌లు మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒకే కథ చెబుతాయి. అలాంటి ఒకదాని గురించి "కథానాయకుడి చావుతో మొదలుపెట్టి పుట్టుకతో ముగించడం అపూర్వ సాహసం" అని ఆకాశానికెత్తాను. తీరా చూస్తే, కోఠీలో కొన్న నా చవక ప్లేయర్ పాటలను అక్షరక్రమంలో పేర్చి వినిపించింది. "బ్రో, చావు చివర్లో ఉంది" అని కింద ఒకాయన మర్యాదగా వాత పెట్టాడు. ఆ ఆల్బమ్ నా వరుసలోనే బాగుంటుందని ఇప్పటికీ వాదిస్తాను.

అమ్మకు ఇవేవీ తెలియవు. ఆమెకు తెలిసిందల్లా చెవుల్లో వైర్లు, మూసిన తలుపు. ఒకసారి నేను నిద్రపోయాననుకుని హెడ్‌ఫోన్ తీసి తన చెవికి ఆనించుకుంది. ఉలిక్కిపడి మంచం మీద పెట్టేసింది. మర్నాడు కింద నీళ్ళ మోటార్ దగ్గర ఓనర్ ఆంటీతో అంటుంటే మెట్ల మీద నుంచి విన్నాను.

"పిల్ల నా చెయ్యి జారిపోతోంది అక్కగారూ. ఆయన పోయారు, ఏడ్చాను, ఊరుకున్నాను. ఇది నా ఎదురుగుండానే ఉండి పోతోంది. ఏం చెయ్యాలో తెలియట్లేదండీ."

పరిగెత్తుకెళ్ళి అమ్మను పట్టుకోవాలనిపించింది. కానీ పట్టుకుని ఏం చెప్పాలో తెలియక పైకి వెళ్ళిపోయాను.

ఆ చలికాలంలో సాగర్ రోడ్డు మీద ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్ట్‌లో మన ఊరి ప్రోగ్ మెటల్ బ్యాండు వాయిస్తుందని తెలిసింది. శనివారం, మధ్యాహ్నం పూట. అప్పటిదాకా నేను రాసిందంతా రికార్డులు విని రాసిందే. మనుషులు ఎదురుగా నిలబడి వాయిస్తుంటే ఒక్కసారీ చూడలేదు. వండటం రాకుండా వంటల గురించి రాసినట్టు ఉండేది. "మీ ఊళ్ళోనే కదా బ్రో, రిపోర్టు రాయాల్సిందే" అని బ్లాగులో ఒకటే గోల. ధైర్యం చేసి అమ్మను అడిగాను. నెలల తర్వాత ఇంట్లో నేను మాట్లాడిన పూర్తి వాక్యం అదే.

అమ్మ కూర తరుగుతున్న కత్తిపీట పక్కకు వాల్చింది. "ఆ పాటల కోసమైతే నోరొచ్చిందన్నమాట. ఆ వైర్లూ, ఆ ఇంటర్నెట్టూ అన్నీ మూటగట్టి అటక మీద పడేస్తాను. మనిషిలా మాట్లాడే దాకా దింపను," అంది. అరవలేదు. అందుకే నాకు భయమేసింది. అవి తీసేస్తే నాకు ఊపిరాడే చోటు ఇంకెక్కడా లేదు.

మధ్యలో దూరింది ఓనర్ ఆంటీ. ఆమెది నల్గొండ వైపు పల్లె. పై వాటాల్లో ఎక్కడ గొంతు పెరిగినా, తగ్గినా, పిలవకుండానే వచ్చి గడప మీద కూర్చునేది.

"నువ్వు పరేషాన్ గాకు చెల్లె. పిల్లతోని నేన్ పోత. గా పాటలేందో, గా పోరలు ఎట్లుంటరో, అంత జూసొచ్చి నీకు జెప్త. మంచిగ లేకుంటె గప్పుడు బంద్ చెయ్యి."

అమ్మ తల ఊపింది. ఎన్నో ఆల్బమ్‌లకు తీర్పు చెప్పిన నాకు, బోనాల డప్పు తప్ప ఇంకో వాద్యం ఎరగని ఓనర్ ఆంటీ తీర్పు చెప్పబోతోంది.

శనివారం ఆంటీ జరీ అంచు చీర కట్టుకుని, తలలో బంతిపూలు పెట్టుకుని, మంచినీళ్ళ సీసాతో తయారైంది. షేర్ ఆటోలో వెళ్ళాం. కాలేజీ గేటు దాటగానే ఆగిపోయింది. ఎదురుగా గ్రౌండు నిండా నల్ల చొక్కాలు, మాసిన గడ్డాలు, పెరిగిన జుట్లు. అసలే అది అయ్యప్ప దీక్షల కాలం.

"ఏంది బిడ్డ, గింతమంది మాలేసుకున్నరు?" అంది ఆశ్చర్యంగా. నేను నోరు తెరిచేలోపే చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది. "జర జరుగుండ్రి స్వామీ, జర తొవ్వ ఇయ్యుండ్రి స్వామీ," అంటూ జనంలోకి నడిచింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆ కుర్రాళ్ళు నిజంగానే పక్కకు తప్పుకున్నారు. ఒకడు చేతులు కూడా జోడించాడు. మమ్మల్ని స్టేజీకి దగ్గరగా తీసుకెళ్ళి, ఆంటీకి ప్లాస్టిక్ కుర్చీ వేశారు. కూర్చున్నాక తీరిగ్గా వాళ్ళ చొక్కాలు చూసి, "మాలేసుకుని గీ పుర్రెల బొమ్మలేంది, పాపం గాదా?" అని నన్ను నిలదీసింది. ఇప్పటికీ ఆమె దృష్టిలో మెటల్ వినేవాళ్ళందరూ స్వాములే. నేను కచేరీకి వెళ్తున్నానని తెలిస్తే "స్వాములను అడిగిన్నని జెప్పు" అంటుంది.

పాట మొదలైంది. రికార్డులో డ్రమ్ము చెవికి వినపడుతుంది, అక్కడ పక్కటెముకలకు వినపడింది. నేను వేళ్ళ మీద ఏడు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. ముందు వరుసలో ఒక కుర్రాడు జుట్టు విరబోసి, తల గిరగిరా తిప్పడం మొదలుపెట్టాడు. ఆంటీ దిగ్గున లేచింది. పూనకం వచ్చిన మనిషిని ఊరికే వదిలేయకూడదు, ఎవరు వచ్చారో, ఏం కోరుతున్నారో అడగాలి. అది వాళ్ళ ఊరి ఆచారం. వెళ్ళి వాడి భుజం పట్టుకుని, భక్తిగా, ఆ హోరుకు మించిన గొంతుతో అడిగింది.

"ఎవలు తల్లీ నువ్వు? ఏం గావాలె?"

వాడు జుట్టు వెనక్కి నెట్టుకుని, రొప్పుతూ, "వాటర్ ఆంటీ," అన్నాడు. ఆంటీ సీసా మూత తీసి తాగించింది.

ఆఖరి పాట పెద్దది. మెల్లగా మొదలై, ఎక్కడెక్కడో తిరిగి, మధ్యలో అంతా ఆగిపోయింది. ఆ తర్వాత గాయకుడు పొట్టలోంచి ఒక అరుపు లాగాడు. గ్రౌండంతా అతనితో కలిసి అరిచింది. నేనూ అరిచాను. మొదట అందరితో పాటే అరిచాను. తర్వాత వాళ్ళు ఆగినా నేను ఆపలేదు. ఏం అరుస్తున్నానో నాకే కాసేపటికి తెలిసింది. నాన్నా అని పిలుస్తున్నాను. ఆ రొదలో ఎవరికి వినపడుతుందిలే అని, పాట అయ్యే దాకా పిలుస్తూనే ఉన్నాను. ఓనర్ ఆంటీ వైపు చూస్తే రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుని ఉంది. వారం తర్వాత బ్లాగులో ఆ పాట గురించి, తాళాల గురించి, ఆ మధ్యలో ఆగిన చోటు గురించి రాశాను. ఇది మాత్రం రాయలేదు.

తిరుగు ఆటోలో ఆంటీ ఒక్క మాట మాట్లాడలేదు. ఊరుకోని మనిషి ఊరుకునేసరికి తీర్పు వచ్చేసిందనుకున్నాను. సందెదీపాల వేళకు ఇల్లు చేరాం. అమ్మ కింద గేటు దగ్గరే నిలబడి ఉంది.

"ఎలా ఉందండీ అక్కగారూ?"

"అబద్ధమెందుకు చెల్లె. గది పాట గాదు, లొల్లి. నా చెవులు ఇంకా గుయ్యిమంటున్నయి. ఒక్క ముక్క సమజ్ గాలే." నాకు అటక కళ్ళ ముందు కనిపించింది. ఆంటీ మెట్టు మీద కూలబడి మోకాళ్ళు ఒత్తుకుంది. "పోరలు మాత్రం మంచోళ్ళే, కుర్చేసిన్రు. ఇగ నీ బిడ్డ..." అని నావైపు చూసి, గొంతు తగ్గించింది. "నోరు పోయిందని రంది పెట్టుకుంటివి గదా. పోలే చెల్లె. వాళ్ళ నాయినను పిలిచింది ఆడ. చెవులు మూసుకున్నా నాకు ఇనొచ్చింది. మస్తు సేపు పిలిచింది. నేనే ఆపలే."

అమ్మ గేటు గడియ వేసింది. నా చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళి, మంచం మీద కూర్చోబెట్టింది. నాకు చెప్పాలని ఉంది. ఆంటీ స్వాముల సంగతి, నీళ్ళడిగిన పూనకం, ఆ పాట, ఆ అరుపు, అన్నీ ఒక్కసారే చెప్పాలని ఉంది. నోరు తెరిస్తే గాలి వచ్చింది కానీ గొంతు రాలేదు. అరిచి అరిచి మొత్తం పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ రానిది, ఇప్పుడా రావడం!

అమ్మ లోపలికి వెళ్ళి మిరియాల పాలు కాచి తెచ్చింది. గ్లాసు నా చేతిలో పెట్టి పక్కన కూర్చుంది.

"చెప్పు," అంది.

గొంతు చూపించి తల అడ్డంగా ఊపాను.

"మెల్లగానే చెప్పు, నాకు వినపడుతుందిలే," అని జుట్టు వెనక్కి తోసుకుని, చెవి తెచ్చి నా నోటి దగ్గర పెట్టింది.

పాట ఎలా మొదలైందో అక్కణ్ణుంచి చెప్పాను. నాన్న సంగతీ చెప్పాను. పాలు చల్లారి మీగడ కట్టినా అమ్మ చెవి పక్కకు తీయలేదు.