డెబ్భై అని ముందు ఎవరన్నారు?

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది నేను ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, గుండె రక్తనాళాలు పరీక్షించే క్యాథ్‌ల్యాబ్‌కు అధిపతిగా ఉన్నాను. పదవీ విరమణ దగ్గర పడింది. రక్తనాళం ఎంత పూడిందో చెప్పడంలో నా కంటి అంచనాకు ల్యాబులో తిరుగులేదు.

అప్పుడు ఆకివీడు నుంచి చేపల రైతు సత్యనారాయణరాజు గారు వచ్చారు. మోకీళ్ళు అరిగి రెండేళ్ళుగా చెరువు గట్టు ఎక్కలేదు. జీపులో కూర్చుని మేత వేయించడం ఆయనకు మహా నామోషీ. మోకీళ్ళ మార్పిడికి తేదీ కూడా ఖాయమైంది. ముందు చేసే పరీక్షల్లో గుండె మీద అనుమానం వచ్చి నా దగ్గరికి పంపారు. స్టెంటు వేస్తే రక్తం పలచబరిచే మందులు నెలల తరబడి ఆపకూడదు, ఆపరేషన్ వాయిదా పడుతుంది. ఆయన గుండె సంగతి అడగనేలేదు, తేదీ ఉంటుందా పోతుందా అనే అడిగారు.

యాంజియోగ్రామ్‌లో రోగి మెలకువగానే ఉంటాడు, మత్తు మణికట్టు దగ్గర మాత్రమే. తెర మీద సన్నబడ్డ చోటును పక్కనున్న మంచి భాగంతో పోల్చి, పూడిక నూటికి ఇంత అని చెబుతాం. డెబ్భై అంటే సాధారణంగా స్టెంటు మాట వస్తుంది. గుండె ముందువైపు నాళంలో అలాంటి చోటు కనిపించింది. నేను డెబ్భై అన్నాను. నా జూనియర్ డాక్టర్ కిరణ్ డెబ్భై అయిదు అన్నాడు. టెక్నీషియన్ తలూపాడు.

బల్ల మీద రాజు గారు గొంతు సవరించుకున్నారు.

"ఏవండీ డాక్టరు గారూ, చెరువు వేలం పాటలో నేను ముందు పాడితే మా బావమరిది ఆ చెరువు మొహమైనా చూడకుండా నా మీద ఓ వెయ్యి వేసేస్తాడండి. ఈ బాబు గారు చూసే పాడారాండీ?"

ల్యాబంతా ఒకటే నవ్వు. తేరుకుని కిరణ్‌ని నిజం చెప్పమన్నాను. తనకు యాభై దాటలేదనిపించిందనీ, మేడమ్ డెబ్భై అన్నాక తగ్గించడం బాగుండదనుకున్నాననీ నసిగాడు. మర్యాదకు మా గోదావరి వాళ్ళు పెట్టింది పేరు. అది రక్తనాళాన్ని కూడా బిగించగలదని నాకు అప్పుడే తెలిసింది.

ఇక వాదించుకుంటే తేలేది కాదు. రాజు గారి అనుమతి తీసుకుని ప్రెషర్ వైరు పంపాం. దారమంత సన్నని ఆ తీగ, పూడికకు ఇవతల ఉన్న ఒత్తిడిలో దాని అవతలికి నూటికి ఎంత అందుతోందో కొలుస్తుంది. నూటికి ఎనభై, అంతకన్నా తక్కువైతే రక్తం చాలడం లేదని లెక్క. ఆయనకు ఎనభై ఎనిమిది వచ్చింది. స్టెంటు అక్కర్లేదు, మాత్రలు చాలు.

"మరి మోకాళ్ళండీ?"

"మీ తేదీ మీదేనండీ" అన్నాను.

ఆ సంబరంలో ఆయన లేచి కూర్చోబోతే నర్సు గట్టిగా మందలించింది. నాకైతే ఆ రోజంతా పండగలా ఉంది. ఆపరేషన్ అనుకున్న తేదీకే జరిగింది. ఆ వానాకాలం ఆయన పంపిన వీడియోలో గట్టు మీద చకచకా నడుస్తున్నారు, వెనక గూడబాతులు లేస్తున్నాయి.

రాజు గారికి పరీక్ష చేసిన వారమే ల్యాబులో పద్ధతి మార్చాను. అంచనా చిన్నవాళ్ళు ముందు చెప్పాలి, నేను ఆఖరున. మర్నాడే ఒక ఫిల్ము చూసి కిరణ్ అరవై అన్నాడు. నా మనసులో ఎనభై ఉంది. నోరు తెరిస్తే డెబ్భై అని వచ్చింది. కన్ను తెర ఒక్కదాన్నే చూడదు, పక్కవాళ్ళ మాటను కూడా చూస్తుంది. రిటైరయ్యేదాకా, అటూ ఇటూగా కనిపించిన ప్రతి నాళాన్నీ కొలిచాకే నిర్ణయించాను.