నేను తుడిచేసిన ముఖం

నా చిన్నప్పుడు, ఒక ఆదివారం ఉదయం పదీ ఇరవైకి, మట్టెవాడలోని మా ఇంటి పెరట్లోకి ఎండ వచ్చింది. మగ్గాల గదిలో ఉన్న గోడగడియారాన్ని రెండుసార్లు చూసి వచ్చాను కనుక ఆ వేళ నాకు కచ్చితంగా గుర్తుంది. మా వెనక గది కిటికీకి ఎదురుగా ఎండ పడేది కాసేపే. మేము సినిమా ఆడుకోవడానికి వీలయ్యేదీ ఆ కాసేపే. తమ్ముడు పెరట్లో అద్దం పట్టుకుని ఎండను కిటికీ సందులోంచి లోపలికి మళ్ళించేవాడు. నేను చీకటి గదిలో కూర్చుని, అట్టముక్కకు చేసిన కంతలో ఫిలిం ముక్క బిగించి, దాని ముందు నీళ్ళు నింపిన పాత బల్బు పట్టుకునేదాన్ని. గోడకు కట్టిన నాయిన ధోవతి మీద బొమ్మ పెద్దదై పడేది.

సినిమా టాకీసు వెనక పారేసిన ఫిలిం ముక్కలు మాకు దొరికేవి. ఆ వారం అవి అయిపోయాయి. ఉన్నవన్నీ చూసి చూసి విసుగు పుట్టింది. అప్పుడు నాకు మా చిన్నాయన రేకు పెట్టె గుర్తొచ్చింది.

చిన్నాయన మగ్గం నేసేవాడు. నేతపని అతని బతుకు, ఫోటోలు అతని ఇష్టం. ఒక స్టూడియో అతను అమ్మేసిన పాత కెమెరా కొనుక్కుని, సెలవు దొరికితే వాడలో వాళ్ళకు ఫోటోలు తీసేవాడు. పుట్టువెంట్రుకలు, బతుకమ్మ, కొత్త కోడలు ఇంటికి రావడం, ఏదైనా సరే. కాగితం మీదికి దించడం ఖర్చుతో కూడిన పని గనుక అడిగినవాళ్ళకే దించి ఇచ్చేవాడు. మిగతా వాళ్ళ ముఖాలు నెగటివుల్లోనే ఉండేవి. వాటిని పలచని కాగితం సంచుల్లో పెట్టి, సంచి మీద ఇంటి పేరు రాసి, పెట్టెలో దాచేవాడు. పెట్టెకు తాళం వేసేవాడు కాదు. మా ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టరని అతని నమ్మకం.

ఆ నెగటివులు సరిగ్గా సినిమా ఫిలిం అంత వెడల్పే ఉన్నాయి. అట్టకంతలో ఒక్క బొమ్మే పడుతుంది కాబట్టి కత్తెర తెచ్చి ఒక్కొక్కటిగా కత్తిరించాను. అలా మూడో సంచిలో పక్కింటి అవ్వ దొరికింది.

పక్కింట్లో ఒక అక్క, వాళ్ళమ్మ ఉండేవారు. ఇద్దరూ మా మగ్గాలకు నూలు కండెలు చుట్టేవారు. ఆ అమ్మనే మేము అవ్వ అనేవాళ్ళం. అక్కకు అన్నదమ్ములు లేరు. ప్రతి రాఖీ పున్నమకు మా చిన్నాయనకే రాఖీ కట్టేది. అవ్వ ఫోటో దిగడానికి ఎన్నడూ ఒప్పుకోలేదు. ఒంటరిగా ఫోటో దిగితే ఆయుష్షు తీరుతుందని ఆమె భయం. ఒకసారి గడపలో కూర్చుని బతుకమ్మకు తంగేడు పూలు ఏరుతుంటే, ఆమె చూడకుండా చిన్నాయన తీశాడు. ఆమెకున్న ఫోటో ఆ ఒక్కటే. ఆ సంగతి అక్కకూ తెలుసు.

నెగటివులో తెల్లవి నల్లగా, నల్లవి తెల్లగా కనబడతాయి. ధోవతి మీద అవ్వ నెరిసిన జుట్టు నల్లగా నిగనిగలాడుతూ పడింది. తమ్ముడు అద్దాన్ని రాయికి ఆనించి లోపలికొచ్చి చూసి ఒకటే నవ్వు. ఆ నవ్వు విని పక్కింటి నుంచి అవ్వే వచ్చింది.

"గదెవలే పోరీ? నేనేనా?"

"నువ్వే అవ్వా."

"అగో, జుట్టు జూడు! పెండ్లినాటి లెక్కున్నది. మళ్లొకపారి జూపెట్టు."

ఫోటో అంటే భయపడే మనిషి తన బొమ్మను మూడుసార్లు చూసుకుంది. మూడోసారికి బల్బులో నీళ్ళు కారి ఫిలిం మీద పడ్డాయి. బొమ్మ మసకబారింది. అవ్వ ఇంటికి పోయాక ఆ ముక్కను నా లంగా అంచుతో గట్టిగా తుడిచాను. తడిసిన ఫిలిం మీద పూత మెత్తబడుతుందని నాకు తెలియదు. చూస్తుండగానే పూత లేచిపోయింది. గడప ఉంది, పూలు ఉన్నాయి, చేతులు ఉన్నాయి. మెడ పైన అంతా తెల్లటి గీతలు.

ముక్కలన్నీ ఎవరి సంచిలో వాళ్ళవి పెట్టేసి, పెట్టె మూశాను. ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళకు నేనే మరిచిపోయాను.

వానాకాలంలో అవ్వ జ్వరంతో పోయింది. దినాలకు రెండు రోజుల ముందు అక్క మా ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చోకుండా నిలబడే అడిగింది. "అన్నా, అమ్మ ఫోటో కడిగిచ్చి పెట్టు. ఎల్లుండే గద."

చిన్నాయన సంతోషంగానే పెట్టె తెరిచాడు. ఆ ఫోటో తన దగ్గర ఉన్నందుకు అతనికి గర్వం కూడా ఉండేదనుకుంటాను. సంచిలోంచి ముక్కలు రాలాయి. అవ్వ ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. దాంతో అతనికి అర్థమైంది.

"తప్పు నాదే చెల్లె" అన్నాడు. "తడి చెయ్యి తగిలింది. నేను జూసుకోలే."

అక్క ఆ ముక్కను తీసుకుని తానూ ఎత్తి చూసింది. "ఊరందరి మొఖాలు పెట్టెల పెట్టుకోని తిరుగుతవు గదనే. మా అమ్మ మొఖమొక్కటే బరువైందా నీకు?"

నేను అక్కడే స్తంభాన్ని పట్టుకుని ఉన్నాను. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. అనలేదు. పదకొండో రోజున పీట మీద ఫోటో పెట్టవలసిన చోట అవ్వ చీర మడిచిపెట్టి దానికే బొట్టు పెట్టారు.

ఆ సాయంత్రం చిన్నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను. "అవ్వ మొఖం యాదికున్నదా బిడ్డా? పుట్టుమచ్చ ఏ దిక్కుండె?" అని అడిగాడు. నేను రోజూ చూసిన ముఖం అది. ఎంత తడుముకున్నా ధోవతి మీది నల్ల జుట్టే కనబడింది తప్ప అవ్వ కనబడలేదు. చిన్నాయన, "నేను మొఖం మంచిగ జూసినంకనే ఫోటో తీసిన. నువ్వు ఆ ఫోటో చేతుల వట్టుకోని గూడ మొఖం జూడలే" అన్నాడు. అంతే. అక్కకు చెప్పమనీ అనలేదు, చెప్పొద్దనీ అనలేదు.

వచ్చిన రాఖీకి అక్క రాలేదు. ఆ తర్వాత ఏ రాఖీకీ రాలేదు. కండెలు వేరేవాళ్ళ చేత పంపేది. వాడలో ఫోటోలకు చిన్నాయనను పిలవడమూ తగ్గింది. అతను మా ఇంటివాళ్ళకు మాత్రం తీస్తూ, నాకు పన్నెండేళ్ళు వచ్చాక కెమెరా పట్టుకోవడం నేర్పాడు. కెమెరా కంటికి ఆనించేముందు ఉత్త కళ్ళతో మనిషిని చూడమనేవాడు. నేను అలాగే చేస్తూ వచ్చాను. నా పిల్లల పెళ్ళిళ్ళు, వాళ్ళ పిల్లల పుట్టినరోజులు అన్నీ నేనే తీశాను. ప్రతి ఫోటోను రెండు చోట్ల దాస్తాను, ఎవరెవరో పేర్లు రాస్తాను. జాగ్రత్తపరురాలినని ఇంట్లో మెచ్చుకుంటారు. నాకు ఆ మెచ్చుకోలు వినబుద్ధి కాదు.

చిన్నాయన పోయి పది నెలలైంది. పదకొండో రోజున పెట్టిన ఫోటో నేను తీసిందే. ఆ రోజు అక్క వచ్చింది. డెబ్బై అయిదేళ్ళ మనిషి, కర్ర పట్టుకుని, ఇన్నేళ్ళకు మా గడప దాటింది. ఫోటో ముందు చాలాసేపు నిలబడి, నా చెయ్యి పట్టుకుని, "మంచిగ తీసినవు బిడ్డా. పైలంగ దాచుకో. మీ చిన్నాయన లెక్క పాడుచెయ్యకు" అంది. చుట్టూ బంధువులున్నారు. అప్పుడు కూడా నేను ఊరుకున్నాను.

వారం తర్వాత ఆమె ఇంటికి వెళ్ళి చెప్పాను. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆమె గోడ వైపు చూస్తూ విన్నది.

"పదేండ్ల పోరివి" అంది చివరకు. "వీపుల ఒక్కటి సరిచి, రెండు రోజులల్ల మర్చిపోదును. అన్నను మర్చిపోలే. రాఖీ పున్నమొస్తే తలుపేసుకోని కూసున్న, ఇన్నేండ్లు. ఆయన బతికుండంగ నీకు నోరు రాకపాయెనా?"

ఆమె మంచినీళ్ళు ఇచ్చింది. తాగి వచ్చేశాను.

చిన్నాయన చేసింది దయ అని నాకు తెలుసు. దాన్ని నేను తప్పు పట్టను. కానీ వీపు మీద ఒక దెబ్బతో పోవలసింది ఆయన ప్రాణం పోయేదాకా ఉండిపోయింది. మొన్న నా మనవడు బంతి విసిరి ఎదురింటి వాళ్ళ కిటికీ అద్దం పగలగొట్టాడు. వాడి తండ్రి, తానే పగలగొట్టానని చెప్పి వస్తానని బయలుదేరాడు. నేను ఆపాను. మనవణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ ఇంటి ముందు నిలబెట్టి, వాడు చెప్పేదాకా పక్కన ఉన్నాను. వాడు ఏడ్చాడు, చెప్పాడు, తిట్లు తిన్నాడు, ఇంటికొచ్చి అన్నం తిన్నాడు.

మా ఇంట్లో పిల్లల తప్పును పెద్దవాళ్ళు తమ మీద వేసుకోవడం ఇప్పుడు లేదు.